తొలిచెయ్యి

టీ కప్పు ఎడమచేతిలోకి మార్చుకుని చిట్టి కుడిచెయ్యి పైకెత్తింది. ఎత్తేముందు ఆలోచించలేదని కాదు, ఆలోచించింది. కాకపోతే టీ గురించి. ఆఫీసు వంటగదిలో అక్క పెట్టే టీలో పంచదార కరక్కుండా అడుగున ఉండిపోతుంది. ఆ చివరి గుక్క తాగాలా వదిలెయ్యాలా అన్నది అప్పుడు ఆమె ముందున్న సమస్య. ఆఫీసుకి టీ, కాఫీ మెషిను కొందామా అన్న ప్రశ్న అంతకంటే తేలిక.

ఆమె చెయ్యి లేచాక మిగతా చేతులు వరసగా లేచాయి. అది అక్కడి పద్ధతి. ప్రజాస్వామ్యం మీద అధ్యయనాలు చేసి ప్రభుత్వాలకి సలహాలు రాసిచ్చే ఫౌండేషన్ అది. శుక్రవారం మధ్యాహ్నం అందరూ హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. మధ్యలో బల్ల ఉండదు. నివేదికకి పేరు పెట్టడం దగ్గర్నుంచి భోజనాల వేళ మార్చడం దాకా ఏదైనా చేతులెత్తి తేల్చుకుంటారు. పెద్దవాళ్ళు ముందు ఎత్తితే చిన్నవాళ్ళు మొహమాటానికి ఎత్తేస్తారని, వృత్తంలోకి అందరికంటే కొత్తగా వచ్చినవాళ్ళ వంతు ముందు పెట్టారు. ఆ తర్వాత వాళ్ళకంటే పాతవాళ్ళు, ఆఖర్న డైరెక్టరు గారు. దీనికి ఆయనే పేరు పెట్టారు, తొలిచెయ్యి అని. బయటినుంచి ఎవరొచ్చినా నివేదికల కంటే ముందు దీని గురించే చెబుతారు.

కాలేజీ నుంచి ఇంటర్న్‌షిప్‌కి వచ్చింది ఇద్దరు. లా చదివే పొడుగబ్బాయి ముందు చేరాడు, చిట్టి ఆ మరుసటి వారం. అలా తొలిచెయ్యి ఆమెదైంది. చిట్టి అన్నది ఇంట్లో పిలిచే పేరు. ఆఫీసులో అందరూ "ఏమ్మా తొలిచెయ్యీ" అనే పిలుస్తారు.

చేతులు గాల్లో ఉండగా అక్క ఖాళీ కప్పుల కోసం ట్రే పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నలుగురూ చేతులెత్తి ఉండగా మధ్యలోంచి పోవడం బాగుండదనుకుందేమో, అవి దిగేదాకా అక్కడే ఆగింది. దిగాక వచ్చి ఒక్కొక్కరి దగ్గరా కప్పు తీసుకుంది. ఆమె పేరు ఎవరూ అడిగినట్టు లేదు. వయసులో ఆమెకంటే పెద్దవారైన డైరెక్టరు గారు కూడా అక్కా అనే అంటారు.

"ఇంక పాకం తాగే బాధ తప్పింది," అన్నాడు పొడుగబ్బాయి, చిట్టి చెవి దగ్గరకి వంగి.

చిట్టి నవ్వింది. నవ్వి, ఆ చివరి గుక్క తాగేసి, కప్పు ట్రేలో పెట్టింది.

సోమవారం పొద్దున్న ఆమె హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది. ఇంటర్న్‌ల పని అదే. వార్డు సమావేశాల్లో ఎవరు మాట్లాడతారు, ఎవరు మాట్లాడరు అన్న దాని మీద ఫౌండేషన్ నివేదిక తయారుచేస్తోంది. ఎక్కడెక్కడి సమావేశాలో రికార్డు చేసి తెచ్చారు. వాటిని విని, ఉన్నది ఉన్నట్టు టైపు చెయ్యాలి. ఒక వాక్యం వినడం, ఆపడం, కొట్టడం, వెనక్కి తిప్పి మళ్ళీ వినడం. మధ్యాహ్నానికల్లా చెవుల చుట్టూ ఒత్తుకుపోతుంది. అన్ని సమావేశాల్లోనూ చివరికి అధ్యక్షుడు "అందరికీ సమ్మతమేనా?" అని అడుగుతాడు. ఎవరూ కాదనకపోతే ఆ పక్కన "సమ్మతి" అని కొట్టి, తర్వాతి అంశానికి పోవాలి. ఇది కోఆర్డినేటర్ మేడమ్ మొదటిరోజే చెప్పిన నియమం. చిట్టికి ఆ మాట దగ్గరకి రావడం ఇష్టం. అక్కడ వెనక్కి తిప్పి వినాల్సిన పని ఉండదు.

ఆ రోజు ఒక టేపు ముగించి కప్పు కడుక్కోడానికి వంటగదికి వెళ్ళింది. లోపల మాటలు వినిపించి గుమ్మం ఇవతలే ఆగింది.

"ఈ నెలాఖరుదాకా రండక్కా. అప్పటికి మెషిను వచ్చేస్తుంది," అంటోంది కోఆర్డినేటర్ మేడమ్.

అక్క పొయ్యి మంట తగ్గించింది. "టీ బాగుండటం లేదా మేడమ్? పంచదార తగ్గించమంటే తగ్గిస్తాను."

"టీ గురించి కాదక్కా."

"మరి ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"అయ్యో, ఎవరూ ఏమీ అనలేదు. ఏ ఒక్కరో చెప్పింది కాదిది. అందరం కలిసి అనుకున్నాం. మీ మీద ఎవరికీ ఏ కోపమూ లేదు, నమ్మండి."

"కోపమైనా ఉంటే బాగుండేది," అంది అక్క. "ఎవరికుందో వాళ్ళ దగ్గరకెళ్ళి బతిమాలుకునేదాన్ని. అందరూ అంటే నేనెవర్ని బతిమాలను?"

మేడమ్ అక్క భుజం మీద చెయ్యి వేసి, కాసేపు ఉంచి, తీసి బయటికి వచ్చింది. గుమ్మం దగ్గర చిట్టిని చూసి తల ఊపి వెళ్ళిపోయింది. మంచి మనిషి. ఆఫీసులో ఎవరికి జ్వరమొచ్చినా మందులు ఆమె డ్రాయరులోంచే వస్తాయి.

"ఆ కప్పు ఇలా పడెయ్యి," అంది అక్క, వెనక్కి తిరక్కుండానే.

"అక్కా, నాకు తెలీదు. మెషిను అంటే మెషినే అనుకున్నాను. మీ గురించని అనుకోలేదు."

"నేనూ అనుకోలేదులే. అక్కడే నిలబడి ఉన్నానా, ఏదో మంచి విషయానికే ఎత్తుతున్నారనుకున్నా." కప్పు కడిగి బోర్లించింది. "నాకోసమని తెలిసుంటే ఇంకాస్త బాగా చూసేదాన్ని."

పొయ్యి పక్కన చెక్క స్టూలు ఒకటి ఉంది. అక్క దాని మీద కూర్చుని మోకాళ్ళు రెండు చేతులతోనూ రాసుకుంది. చిట్టి సింకు దగ్గర గుడ్డ తీసి, తుడిచిన చోటే తుడిచింది.

"ఇంకెక్కడా దొరకదా అక్కా?"

"ఈ మోకాళ్ళు చూసి చెప్పు. ఎవరింటికెళ్ళినా ముందు మెట్లే స్వాగతం చెబుతాయి. ఇక్కడ వంటగది కిందే ఉంది. స్టూలుంది. నా ఉద్యోగం అంటే ఈ స్టూలేననుకో." నవ్వింది. "ఇంట్లో ఏమీ లోటు లేదమ్మా. కూతురూ అల్లుడూ బాగానే చూస్తారు. పొద్దుగూకి ఇంటికెళ్ళగానే మా అల్లుడు టీవీ రిమోటు తెచ్చి నా చేతికిస్తాడు. పనిలోంచి వచ్చారు, చూడండత్తయ్యా అంటాడు. అదే పొద్దస్తమానం ఇంట్లో కూర్చున్న అత్తకి ఏ అల్లుడిస్తాడు చెప్పు రిమోటు?"

పాలు పొంగు మీదికి వచ్చాయి. అక్క కూర్చున్న చోటినుంచే చెయ్యి చాపి పొయ్యి కట్టేసింది.

చిట్టి ఉండేది పిన్ని దగ్గర. పిన్ని ఇంట్లోనే మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. బాబాయి సిటీ బస్సు డ్రైవరు. సాయంత్రం చిట్టి వచ్చేసరికి ఆయన డ్యూటీ దిగి, చొక్కా గుండీలు విప్పుకుని ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు.

"మంత్రిగారి మొహం అలా ఉందేంటి? ప్రభుత్వం పడిపోయిందా?" అన్నాడు. ఫౌండేషన్‌లో చేరిన రోజు నుంచీ ఆయనకి చిట్టి మంత్రిగారే.

చిట్టి జరిగింది చెప్పింది. తొలిచెయ్యి తనదేనన్నది కూడా దాచలేదు.

బాబాయి నవ్వడం మానేశాడు. "మా డిపోలో కూడా ఇలాగే అయింది. టైమింగులు మారుద్దామని మీటింగు పెట్టారు. ఆ టైముకి బళ్ళ మీద ఉన్నవాళ్ళవే మారాయి, డిపోలో కూర్చున్నవాళ్ళవి మారలేదు. మీటింగులో లేనోడిదే ముందు పోతుంది." ఫ్యాను గాలికి మెడ చాపి అన్నాడు, "అందరికీ ఓటు అంటారుగా మీ వాళ్ళు. మరి ఆవిడకుందా?"

"లేదు. ఆవిడ వృత్తంలో కూర్చోదు."

"ఎందుకు కూర్చోదు?"

కూర్చోకూడదని ఎవరూ అనలేదు. కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. ఆ టైములో ఆమె టీ ఇస్తూ ఉంటుంది, అంతే.

"అదే అడుగు," అన్నాడు బాబాయి. "ఆవిడని కూర్చోబెట్టి మళ్ళీ ఓటు పెట్టమను. మనిషిని ఎదురుగా పెట్టుకుని ఎవడెత్తుతాడో చూద్దాం చెయ్యి."

పిన్ని మిషను ఆపి, దారం పళ్ళతో తెంపింది. "ముందు ఆవిడనడిగావా?"

"ఏమని?"

"అక్కడ కూర్చోడం ఆవిడకిష్టమేనా అని."

"ఎందుకిష్టముండదు పిన్నీ? ఆవిడ పని కోసమేగా."

"అడగమంటున్నానంతే," అని పిన్ని మళ్ళీ తొక్కడం మొదలెట్టింది. చొక్కా జేబు ఒకటి సూది కిందికి పోయింది.

మంగళవారం చిట్టి ఆ మాట పొడుగబ్బాయితో అంది. అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇప్పుడెందుకు నీకిది? మనిద్దరిలో ఒకరిని ఏడాదంతా ఉంచుకుంటారట. మేడమ్ చూస్తోంది. నువ్వు లేచి ఆఫీసు తప్పు చేసిందంటే నాకు లాభమే అనుకో, అయినా స్నేహితుడిగా చెబుతున్నా."

ఆ మాట నిజమే. చిట్టికి ఆ ఏడాది కావాలి. కాలేజీ అయిపోతే ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. ఆ రోజూ బుధవారమూ ఆమె టేపులు విని టైపు చేసింది. ఎక్కడో ఒక ఊళ్ళో మురుగుకాలవ గురించి ఒకాయన ఆగకుండా మాట్లాడాడు. "అందరికీ సమ్మతమేనా?" అన్నారు. సమ్మతి అని కొట్టింది. బుధవారం మధ్యాహ్నం అక్క డైరెక్టరు గారి గదిలోకి టీ పట్టుకెళ్ళి చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. వచ్చాక ఖాళీ ట్రే గుండెకి ఆనించుకుని వరండాలో కాసేపు నిలబడింది. చిట్టి కిటికీ అద్దంలోంచి చూసింది. పాపం బాధపడుతోందనుకుంది. అప్పుడే నిర్ణయించుకుంది.

గురువారం వంటగదికి వెళ్ళి ఒక్క గుక్కలో చెప్పేసింది. రేపు సమావేశంలో తను మాట్లాడుతుందని, అక్క కూడా వచ్చి కుర్చీలో కూర్చోవాలని, అందరిలాగే ఆమెకీ ఓటు ఉండాలని.

అక్క చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. "నేనా? నేనక్కడ కూర్చుంటే టీ ఎవరిస్తారు?"

"ఒక్కరోజు ఆలస్యంగా తాగుతారు."

"అది కాదమ్మా. ఇప్పటికే నేనొక మాట..."

"మీరేం భయపడకండక్కా. నేనుంటానుగా పక్కన. మీ మనసులో ఏముందో అదే చెప్పండి, చాలు."

అక్క ఆమె మొహంలోకి చూసింది. ఏదో అనబోయి, గరిట గిన్నెలో పెట్టింది. "నీ ఇష్టం," అంది.

శుక్రవారం సమావేశంలో ఎవరి మాటైనా చిట్టి తర్వాతే. ఆమె లేచి నిలబడక్కర్లేకపోయినా నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. పోయిన శుక్రవారం తీసుకున్న నిర్ణయం వల్ల ఒక మనిషి పని పోతోందని, ఆ మనిషికి ఈ వృత్తంలో కుర్చీ లేదని, అది మన పద్ధతికి సరిపోతుందా అని అడిగింది. అనుకున్నదానికంటే తక్కువ మాటల్లో అయిపోయింది. కూర్చుంది.

అకౌంటెంటు తన బూట్లు చూసుకున్నాడు. కోఆర్డినేటర్ మేడమ్ పెన్ను మూత పెట్టి తీసి మళ్ళీ పెట్టింది. డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇంతకాలం నాకెందుకు తట్టలేదో," అన్నారు చివరికి. "ఇదమ్మా మనకి కావలసింది. ఇందుకే ఈ సంస్థ పెట్టాం. ఒక కుర్చీ తెండి."

పొడుగబ్బాయి కుర్చీ తెచ్చాడు. అందరూ తలా కాస్త జరిగి చోటిచ్చారు. మేడమ్ స్వయంగా వెళ్ళి అక్కని పిలుచుకొచ్చింది. అక్క చేతులు తుడుచుకుంటూనే వచ్చింది. ఆ గుడ్డ ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది. పక్క కుర్చీ చిట్టిది. అక్క దగ్గర పాల వాసన వచ్చింది.

"అక్కా, మెషిను విషయం," అన్నారు డైరెక్టరు గారు. "మీకేమనిపిస్తే అది నిర్భయంగా చెప్పండి. ఇక్కడ పెద్దా చిన్నా లేదు."

"నాదేముంది బాబూ. మీ అందరికీ ఎలా వీలుగా ఉంటే అలా."

"అలా కాదు. మీరు మొహమాటపడకూడదు. మీకూ అందరిలాగే ఓటుంది. పోయినసారి తీసుకున్నది కొట్టేస్తున్నాం. మళ్ళీ మొదటినుంచీ అడుగుతాను." ఆయన కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు. "మెషిను కావాలనేవాళ్ళు."

చిట్టి తన చేతులు రెండూ ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. ఈసారి ఎత్తదు. తను ఎత్తకపోతే మిగతావాళ్ళకీ ఎత్తడం కష్టమవుతుంది. వారమంతా ఆమె మనసులో చూసుకున్న దృశ్యం అదే.

"ఉండండి," అన్నారు డైరెక్టరు గారు, నవ్వుతూ. "ఇవాళ వృత్తంలోకి కొత్తగా వచ్చింది అక్క. పద్ధతి ప్రకారం తొలిచెయ్యి ఆమెది."

ఎవరో చప్పట్లు కొట్టారు. మంచి మనసుతోనే కొట్టారు. ఆ గదిలో సగం మందికంటే ముందునుంచీ ఆ ఆఫీసులో ఉన్న మనిషి, ఆ రోజుకి అందరికంటే కొత్తది. చిట్టికి ఇది తట్టలేదు. వారమంతా ఎవరు ఏం మాట్లాడతారో ఊహించుకుంది గానీ వరస మారుతుందని ఊహించుకోలేదు.

అందరూ అక్క వంక చూశారు. ఆమె ఎత్తాలి, లేదా ఎత్తకూడదు. అంతదాకా ఇంకెవరూ కదలడానికి లేదు. కిటికీ అవతల ఎవరో స్కూటరు స్టార్టు చేశారు, అది ఆగిపోయింది, మళ్ళీ స్టార్టు చేశారు. అక్క ఒళ్ళో గుడ్డని మడత పెట్టింది. ఆ మడతని ఇంకోసారి మడత పెట్టింది. అందరి మొహాల్లోనూ ఇబ్బంది కనబడుతోంది. ఆ ఇబ్బంది తనవల్లేనని ఆమెకి అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆ గదిలో ఎవరికి ఏ ఇబ్బందీ లేకుండా చూడటమే ఆమె పని.

చెయ్యెత్తింది. మోచెయ్యి పూర్తిగా చాపలేదు. అరచెయ్యి తడిగా ఉంది.

తర్వాత వంతు చిట్టిది. ఎత్తకుండా ఉండవచ్చు. ఉంటే అక్క చెయ్యి ఒక్కటే గాల్లో ఉంటుంది, తన పని తనే తీసేయించుకున్న చెయ్యి, ఒంటరిగా. అక్క ఆమె వంక చూసింది. ఎత్తమనో వద్దనో ఆ చూపులో తెలియలేదు. చిట్టి ఆ చేతిని అలా వదిలెయ్యలేకపోయింది. తన చెయ్యీ ఎత్తి దాని పక్కన పెట్టింది.

ఆ తర్వాత అన్ని చేతులూ లేచాయి. హమ్మయ్య అన్నట్టు లేచాయి. ఆఖర్న డైరెక్టరు గారు, ఒక్క క్షణం ఆగి, ఎత్తారు.

"ఏకగ్రీవం," అంది మేడమ్, రాసుకుంటూ.

అక్క లేచి గుడ్డ భుజాన వేసుకుంది. "టీ తెస్తాను," అని వెళ్ళింది.

సమావేశం ముగిశాక చిట్టి వంటగదికి వెళ్ళింది. అక్క స్టూలు మీద లేదు, నిలబడి కప్పులు తోముతోంది. చిట్టి పక్కన నిలబడి, కడిగినవి తీసి తుడవసాగింది.

"ఎందుకెత్తారక్కా?"

"ఏం చెయ్యమంటావు మరి? అంతమంది నావంకే చూస్తుంటే. ఎత్తకపోతే నన్ను తీసెయ్యకండి బాబూ అని అందరి ముందూ చెయ్యి చాపినట్టే కదా." కుళాయి తగ్గించింది. "ఒకరి దగ్గర చెయ్యి చాపొచ్చు తల్లీ. అంతమంది ముందు నావల్ల కాలేదు."

"మీరొక్క మాట అనుంటే..."

"అన్నాను. బుధవారమే అన్నాను. ఆయన గదికి టీ పట్టుకెళ్ళి, తలుపు వేసి అడిగాను. చూద్దాం అక్కా అన్నారు. వచ్చేపోయేవాళ్ళని చూసుకోడానికి బయట బల్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా, నేను మాట్లాడతాను, అప్పటిదాకా ఎవరితో అనకండి అన్నారు. ఎవరితోనూ అనలేదు." ఒక కప్పు వెలుతురుకి ఎత్తి చూసి మళ్ళీ నురగలో ముంచింది. "నీతో అనబోయాను."

చిట్టి తుడుస్తున్న కప్పు తుడుస్తూనే ఉంది.

"డైరెక్టరు గారితో నేను మాట్లాడతాను," అంది.

"వద్దు. నువ్వింకేం మాట్లాడకు." అక్క గొంతులో కోపం లేదు. పొయ్యి మీద పాలున్నాయి, అటు చెయ్యి పెట్టకు అన్నట్టుగానే అంది. "ఊరికే పంపించేసి ఉంటే పని పోయినదాన్నయ్యేదాన్ని. పాపం అనేవాళ్ళు. ఇప్పుడు ఇంటికెళ్తే మా అల్లుడు అడుగుతాడు, తీసేశారా అత్తయ్యా అని. లేదు నాయనా, నేనే చెయ్యెత్తి వచ్చాను అని చెప్పాలి."

వద్దన్నా చిట్టి వెళ్ళింది. డైరెక్టరు గారు ఆమెని కూర్చోబెట్టి, అంతా విన్నారు.

"నేనేదో ఒకటి చెయ్యాలనే ఉన్నాను," అన్నారు. "చేసేవాణ్ణి కూడా. ఎవరికీ తెలియకుండా సర్దేసేవాణ్ణి. అలా సర్దడం తప్పని నువ్వే కదమ్మా చెప్పావు? ఇప్పుడది వృత్తం తీసుకున్న నిర్ణయం. అక్క తనే ముందు ఎత్తింది. దాన్ని నేనొక్కణ్ణీ మార్చితే ఈ కుర్చీలన్నీ ఎందుకు?" ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు చేసింది చిన్నపని కాదు. మేడమ్ కూడా అదే అంది. ఏడాదికి నిన్నే ఉంచుదామనుకుంటున్నాం."

అబద్ధం చెబుతున్నట్టు లేదు. అది చిట్టికి ఇంకా కష్టమైంది. సరేనండీ అని లేచి వచ్చింది.

ఇంటికి వెళ్ళి చెబితే బాబాయి, "నిన్ను ఉంచుకున్నారన్నమాట," అన్నాడు. మంత్రిగారూ అని పిలవలేదు. పిన్ని అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

నెలాఖరు రోజు అక్క రోజూ వచ్చే వేళకే వచ్చింది. టీ ఎప్పటిలాగే పెట్టింది. అడుగున పంచదార అలాగే ఉంది. పొడుగబ్బాయి ఆ రోజు చివరి గుక్కదాకా తాగి, కప్పు తనే తీసుకెళ్ళి కడిగాడు. అందరూ కలిసి అక్కకి గోడగడియారం ఒకటి బహుమతిగా ఇచ్చారు. ఫోటో తీశారు. ఫోటోలో అక్క గడియారాన్ని ట్రే పట్టుకున్నట్టే పట్టుకుంది.

వెళ్ళేముందు చిట్టిని వంటగదిలోకి పిలిచింది. "సింకు కుళాయి గట్టిగా తిప్పకండి, తిరిగిపోతుంది. పాలవాడికి రేపట్నుంచి వద్దని చెప్పాను. ఈ జగ్గు మంచిది, పారెయ్యకండి." చుట్టూ ఒకసారి చూసుకుంది. స్టూలుని కాలితో పొయ్యి కిందికి తోసింది. "ఇంక వస్తానమ్మా. ఇవాళ్టినుంచి రిమోటు మా అల్లుడిది."

నవ్వుతుందేమోనని చిట్టి ఆగింది. నవ్వలేదు.

మెషిను మర్నాడే వచ్చింది. అక్క పొయ్యి తీసేసి ఆ చోట పెట్టారు. మీట నొక్కితే కప్పులో పడుతుంది, పంచదార ఎంత కావాలంటే అంత. రెండు రోజులు అందరూ దాని చుట్టూ నిలబడి తాగారు. మేడమ్ చిట్టి బల్ల దగ్గరకి వచ్చి, వార్షిక నివేదికలో ఒక పేజీ రాయమంది, వంటగదిలో పనిచేసే మనిషికి కూడా తొలిచెయ్యి ఇచ్చిన సంస్థ గురించి. "నీకంటే బాగా ఎవరు రాస్తారు?" అంది.

చిట్టి ఇంకా మొదలుపెట్టలేదు. ముందు టేపులు పూర్తి చేస్తానంది. హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. ఏదో ఊరి వార్డు సమావేశం, వీధి దీపాల గురించి. ఒకాయన మాట్లాడాడు, ఇంకొకాయన అడ్డుపడ్డాడు, ఎవరో జోకు వేస్తే నవ్వారు. "మరి అందరికీ సమ్మతమేనా?" అన్నాడు అధ్యక్షుడు.

ఆమె వేలు "స" మీదికి వెళ్ళి ఆగింది. వెనక్కి తిప్పింది. "అందరికీ సమ్మతమేనా?" ఆ తర్వాత ఒక కుర్చీ జరిగింది. ఎవరో దగ్గారు. దాని వెనక, మైకుకి దూరంగా, ఒక చప్పుడు. మళ్ళీ తిప్పి, సౌండు పెంచి వింది. కప్పులు. ఎవరో ఒక్కొక్క కప్పూ తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ, గది ఒక కొస నుంచి ఇంకో కొసకి వెళ్తున్నారు. ఇన్ని టేపులు విన్నా ఆమెకి ఇది ఒక్కసారీ వినబడలేదు. పాతవాటిలో కూడా ఉండే ఉంటుంది.

కప్పులు తీస్తున్న చప్పుడు, అని టైపు చేసింది. దాని పక్కన ఇంకేమీ కొట్టలేదు.

"మెషిన్లో నీళ్ళయిపోయాయి, లైటు వెలుగుతోంది," అన్నారెవరో వంటగదిలోంచి. "ఎవరన్నా పోస్తారా?"

హాల్లో ఎవరూ లేవలేదు. ఒకరి తర్వాత ఒకరు, పద్ధతి ప్రకారం, అందరికంటే కొత్తగా వచ్చిన మనిషి వంక చూశారు.

చిట్టి హెడ్‌ఫోన్లు తీసి పెట్టి, వెళ్ళి, అక్క జగ్గుతో నీళ్ళు పట్టింది.